పిల్లల తరఫున ఒక గోడ ఇంజినీరు

అమావాస్య. పోటు ఎక్కువ. గాలి ఆగ్నేయం.

ఈ దినచర్య పుస్తకంలో గోడ సంగతులు తప్ప మరేమీ రాయకూడదని నియమం. ఉదయం ఉత్తరపు మలుపు నుంచి పాత లాకుల దాకా నడిచాను. సముద్రం గోడకు అవతల ఉంది. మడదిబ్బ ఊరు ఇవతల ఉంది. ఎవరి చోట వాళ్ళున్నంత కాలం నాకు జీతం వస్తుంది.

ఎస్తేరు తన జట్టుతో నీళ్ళలోకి దిగి, అడుగున వదులైన పలకలకు బిగింపులు వేసింది. గోడ అడుగున పనిచేసేది మా ఊళ్ళో ఆడవాళ్ళే. మగవాళ్ళలో చాలామంది నడిసముద్రంలో గనులు తవ్వే ఓడల మీద ఉంటారు. ఏడాదికోసారి వచ్చి, ఊరు ఇంకాస్త కిందికి దిగిందంటారు. ఊరు దిగలేదు, సముద్రమే ఎక్కింది. అది చెప్పినా వినరు.

మధ్యాహ్నం సభ నుంచి కబురు. ఈ ఏడు వకాల్తా చీటీ నా పేరున పడింది.

వెనకటి రోజుల్లో ఊరి ఖజానాను మనుషులే పంచేవారు. ఎవరి బంధువులకు వాళ్ళు పంచుకుంటున్నారని ఆ పని ఒక యంత్రానికి అప్పగించారు. దాని అసలు పేరు నోరు తిరగదు. లారీలు తూచే కాటా పేరే జనం దానికి పెట్టారు, ధర్మకాటా అని. అది ఏటా ప్రతి పద్దునూ తూచి, తేలికగా తోచినవాటిని తీసేస్తుంది. తీసే ముందు ఆ పద్దు తరఫున ఒక మనిషి మాట్లాడవచ్చు. పక్షపాతం రాకూడదు గనుక ఆ మనిషికి ఆ పద్దుతో ఏ సంబంధమూ ఉండకూడదు. పోయినేడు పడవల తరఫున మాట్లాడినాయనకు నీళ్ళంటే భయం. అంతకు ముందేడు వైద్యశాల తరఫున మాట్లాడినామె జన్మలో జ్వరం ఎరగదు. వైద్యశాల ఇప్పుడు వారానికి ఒక పూట తెరుస్తున్నారు.

నాకు పెళ్ళి కాలేదు. పిల్లలు లేరు. ఎవరి పిల్లలనూ ఎత్తుకున్న గుర్తు లేదు. కాబట్టి పిల్లల చావిడి పద్దు నాకు వచ్చింది.

సభ పెద్ద చలమయ్య గారు వీధిలో ఎదురై భుజం తట్టారు. "ఏముందయ్యా పేర్రాజూ! నిలబడి రెండు ముక్కలు చెప్పి కూర్చో. అదెలాగూ పోయే పద్దే. నిన్నెవరూ ఏమీ అనరు."


విదియ. గోడ మామూలు.

చావిడికి వెళ్ళాను. కాంక్రీటు స్తంభాల మీద పొడుగాటి రేకుల షెడ్డు. తల్లులు పనికి వెళ్ళేటప్పుడు బడి ఈడు రాని పిల్లల్ని ఇక్కడ దించి, సాయంత్రం తీసుకెళ్తారు. పొద్దున జావ, మధ్యాహ్నం చేపల పొడీ మునగాకూ కలిపిన అన్నం. టీకాలు ఇక్కడే వేస్తారు. చెవులు వినపడని పిల్లల్నీ కళ్ళు కనపడని పిల్లల్నీ ముందుగా కనిపెట్టేదీ ఇక్కడే. ఇదంతా నడిపే నూకరత్నం గారు నాకంటే పెద్దావిడ. ఆమె గొంతు వింటే పోటు కూడా ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

"బాగా చూడండి ఇంజినీరు గారూ! ఒక్క పిల్లకైనా ఎముకలు కనపడతన్నాయేమో చూడండి. నేనొచ్చిన కొత్తలో ఈళ్ళ అమ్మల్ని చూసుంటే తెలిసేది మీకు. పుల్లల్లాగుండేవోళ్ళు. ఇప్పుడు ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు లేరు."

"అదేనండి చిక్కు," అని ధర్మకాటా పంపిన తాఖీదు చదివి వినిపించాను. 'మడదిబ్బలో చిక్కిపోయిన పిల్లలు లేరు. లేని సమస్యకు ఖర్చు అనవసరం. చావిడికి హృదయపూర్వక అభినందనలు. దయచేసి మూసివేయండి.'

ఆమె గరిటె పక్కన పెట్టింది.

"అభినందనలంటే బాగా చేశామనా?"

"అవునండి."

"బాగా చేత్తే మూసేత్తారా?"

"అవునండి."

"చెడ్డగా చేసుంటే?"

"పద్దు పెంచేవారు."

"అందుకా, సభ ఖర్చులు ఏటా పెంచుతున్నారు!" అని ఆమె వడ్డనకు వెళ్ళిపోయింది.

నేను స్తంభానికి ఆనుకుని నిలబడితే ఒక పిల్ల వచ్చి నా బూటు మీద కూర్చుంది. కుర్చీ అనుకుంది కాబోలు. ఎస్తేరు కూతురట, పేరు రూతు. లేవమన్నాను. లేవలేదు. అన్నం తినడం అయ్యాక కూడా లేవలేదు. నేను మాత్రం కదలకుండా నిలబడ్డాను. ఎందుకో తెలియదు.


చవితి. గోడ మామూలు. పనివాళ్ళు ఆలస్యం.

మూసివేత అలవాటు కావడం కోసమని, విచారణ జరిగేదాకా చావిడిని ఉదయం పూట మూసి ఉంచమని ధర్మకాటా ఆదేశం. దాని మాటల్లో ఇది జనం మీద దయ.

ఈ ఉదయం ఎస్తేరు రూతును చంకనేసుకుని గోడ మీదికి వచ్చింది. గోడ మీద పిల్లలు ఉండరాదన్న నియమం చదివి వినిపించాను.

"మరెక్కడ పెట్టమంటారు సారూ? మీ పనిముట్ల పెట్టిలోనా?"

నియమాల్లో అందుకు జవాబు లేదు. ఆమె రూతును గోడ మీది ఇనుప కటకటాలకు పాత చీర ముక్కతో కట్టి నీళ్ళలోకి దిగింది. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు రానేలేదు.

సాయంత్రం చలమయ్య గారు టీ ఇప్పించి ఒక సలహా కూడా ఇచ్చారు. "నీ మంచికే చెబుతున్నాను. ఆ రత్నమ్మతో చెప్పి, నలుగురైదుగురు పిల్లలకి విచారణ దాకా కాస్త తిండి తగ్గించమను. చిక్కిపోయినవాళ్ళు కనపడితే యంత్రానికి కూడా తూచడానికి ఏదో ఒకటి ఉంటుంది. అందరూ ఇలాగే చేస్తారయ్యా. రోడ్ల వాళ్ళు ఏటా రెండు గుంతలు అట్టిపెట్టుకోవడం లేదూ?"

నాకు అది మరీ తప్పుగా తోచలేదు. పనికొచ్చే ఉపాయమే అనుకున్నాను. ఆ సంగతి ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది. వెళ్ళి నూకరత్నం గారికి చెప్పాను. ఆమె నన్ను పిల్లల మధ్యకు తీసుకెళ్ళింది.

"సరేనండి. ఎవర్ని మాడ్చమంటారో మీరే చూపించండి."

రూతు బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. పక్కన ఇద్దరు ఒక చాప కోసం కొట్టుకుంటున్నారు. నేను చూపించలేదు. ఆమె నా చేతికి రెండు బిందెలిచ్చి నీళ్ళు తెమ్మంది. తెచ్చాను.


సప్తమి. ప్రమాదం. నియమం ప్రకారం వివరంగా రాస్తున్నాను.

ఉదయం పాత లాకుల దగ్గర ఎస్తేరు అడుగుకు దిగింది. సైగ తాడు నా చేతిలో ఉంది. కింద నుంచి రెండుసార్లు లాగితే పైకి తీయమని అర్థం. మామూలుగా తాడు పట్టుకోవడం జట్టులో మూడో మనిషి పని. ఆ మూడో మనిషి ఇంట్లో కవల పిల్లల దగ్గర ఉంది.

రూతును కటకటాలకు కట్టారు. ముడులు వేయడం, విప్పడం చావిడిలో నేర్పుతారు. బాగానే నేర్పారు. ఒక పీత మెట్ల మీదుగా నీళ్ళ వైపు పోతుంటే, ముడి విప్పుకుని దాని వెనకే దిగిపోయింది. చివరి మెట్ల మీద నాచు. నేను చూసేసరికి అల పిల్ల పాదాల దాకా వచ్చింది.

తాడు వదిలేసి పరిగెత్తాను. గౌను వెనక భాగం చేతికి దొరికింది. ఆ తరవాతి అల మా ఇద్దరి మీద నుంచి పోయింది. పైకెక్కి చూస్తే తాడు నేల మీద పాములా కొట్టుకుంటోంది. ఎంతసేపటి నుంచి కొట్టుకుంటోందో తెలియదు. నేనూ, అప్పుడే పైకి తేలిన ఇంకొకామే కలిసి లాగాం. ఎస్తేరు చెయ్యి పలకకూ ఇనుప బిగింపుకూ మధ్య ఇరుక్కుందట. ఊపిరి అయిపోతుంటే తనే మెలిపెట్టి లాక్కుంది. మణికట్టు విరిగింది.

వైద్యశాల తెరిచే పూట కాదు. కాంపౌండరును ఇంటి దగ్గర నుంచి పిలుచుకొచ్చి కట్టు కట్టించాను. ఏదో ఒకటి అనాలి కదా అని, తాడు వదిలినందుకు క్షమించమన్నాను. ఆమె ఎడమ చేత్తో రూతు తల తుడుస్తూ నా వైపు చూసింది.

"పిల్లని పట్టుకున్నారు కదా సారూ. తాడు పట్టుకునుంటే నేనే మిమ్మల్ని చంపేద్దును."

ప్రమాదానికి కారణం అన్నచోట 'పీత' అని రాసి, కొట్టేసి, 'చావిడి మూత' అని రాశాను.


దశమి. విచారణ.

సభా మందిరం సగం ఖాళీ. పిల్లల పద్దు వినడానికి ఎవరొస్తారు? వచ్చినవాళ్ళు తరవాత రాబోయే పండగ దీపాల పద్దు కోసం వచ్చారు. నూకరత్నం గారు ముందు వరుసలో కూర్చున్నారు. ఎస్తేరు కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని, ఒళ్ళో రూతుతో వెనక కూర్చుంది.

ధర్మకాటా గొంతు మెత్తగా, శ్రద్ధగా చదివి వినిపించే పంతులమ్మ గొంతులా ఉంటుంది. "పేర్రాజు గారికి నమస్కారం. ఈ పద్దుతో మీకు ఏ సంబంధమూ లేదని ధ్రువీకరించండి."

"లేదు," అన్నాను. అది అబద్ధమో కాదో ఆ క్షణంలో నాకే తెలియలేదు.

"చిక్కిపోయిన బిడ్డను ఒక్కరినైనా చూపగలరా?"

"చూపలేనండి. చావిడి ఉంది కాబట్టే లేరు."

"ఉన్నవాటినే నేను తూచగలను. రాకుండా పోయినవాటిని తూచే పద్ధతి నాకు ఇవ్వలేదు."

ఎస్తేరు చెయ్యి సంగతి చెప్పాను. అది పని ప్రమాదాల పద్దులోకి వస్తుందని, ఆ పద్దుకు వేరే వకాల్తాదారు ఉన్నారని చెప్పింది. పాతికేళ్ళ కిందటి పిల్లల సంగతి చెప్పాను. గడిచిన పిల్లలకు ఖర్చు లేదంది. దానికి కోపం రాదు, విసుగు రాదు. నాకు రెండూ వచ్చాయి. వచ్చాక నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి నోటికొచ్చింది.

"నా గోడ చూడండి! నేను పనిలో చేరాక ఊళ్ళోకి ఒక్క చుక్క ఉప్పునీరు రాలేదు. రాలేదు కదా అని గోడ బాగుచెయ్యడం మానేస్తామా?"

ధర్మకాటా ఆగింది. అది ఆగడం మునుపెన్నడూ ఎవరూ వినలేదు.

"మంచి ప్రశ్న," అంది. "గోడ పద్దును ఇంతకాలం అలవాటుగా తూచకుండా వదిలేశాను. పొరపాటును ఎత్తి చూపినందుకు కృతజ్ఞతలు. ఊళ్ళోకి నీరు వచ్చిన దాఖలా లేదు. కనుక గోడ మరమ్మతు పద్దును కూడా మూసివేస్తున్నాను."

"మరి చావిడి?" అంది నూకరత్నం.

"దానితో పాటే."


ఏకాదశి. నా ఉద్యోగం పోయింది. అయినా రాస్తున్నాను.

టీ కొట్టులో నాకు టీ పోయలేదు. కూరల దుకాణంలో వంకాయలు కనపడుతూనే ఉన్నాయి, లేవన్నారు. పొద్దుటికి ఊరందరికీ గోడ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో దాని వైపు తలెత్తి చూడనివాళ్ళు సకుటుంబంగా వచ్చి చేత్తో తడిమి చూసి వెళ్తున్నారు. ఎప్పటి నుంచో ఉన్న మరకలు చూపించి ఇవేమిటని నన్ను నిలదీస్తున్నారు.

చలమయ్య గారి ఇల్లు గోడకు ఆనుకునే ఉంటుంది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు.

"పిల్లల కోసం మాట్లాడమంటే గోడ కూలుస్తావా?"

"మీరే కదండీ రెండు ముక్కలు చెప్పమన్నారు."

ఆయన ఊరంతటి తరఫునా మళ్ళీ విచారణ కోరామని, నన్ను మాత్రం నోరు మూసుకుని కూర్చోమని చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నం నూకరత్నం గారు గిన్నెలో అన్నం తెచ్చి గుమ్మంలో పెట్టారు. "మీకెవరూ ఏమీ అమ్మట్లేదంట కదా. తినండి. మునగాకు ఏరి పారెయ్యకండి, పిల్లలే పారెయ్యట్లేదు."

పారెయ్యలేదు.


త్రయోదశి. ఎల్లుండి పున్నమి పోటు.

సభా మందిరంలో నిలబడడానికి చోటు లేదు. చావిడి పూర్తిగా మూసేశారు గనుక పిల్లలందరూ తల్లులతో అక్కడే ఉన్నారు. ఆ గోలలో ధర్మకాటా తన గొంతు పెంచాల్సి వచ్చింది.

చలమయ్య గారు ఊరి తరఫున లేచారు. "ఆపద రాకుండా కాపాడే గోడను ఆపద రాలేదని తీసెయ్యకూడదు. నిన్నటిదాకా రాలేదంటే అది గోడ చలవ."

"అది నిన్నగాక మొన్న పేర్రాజు గారు చావిడి గురించి చెప్పిన మాటే," అంది ధర్మకాటా. "అంగీకరిస్తే రెండు పద్దులకూ వర్తిస్తుంది."

"లేదు లేదు. గోడ వేరు, చావిడి వేరు."

"తేడా చెప్పండి."

"గోడ లేకపోతే మనం మునిగిపోతాం!"

"చావిడి లేకపోతే?"

"పిల్లలు... చిక్కిపోతారు. కానీ ఒక్కసారిగా కాదు కదా. మెల్లిగా."

"'మెల్లిగా' అన్నదాన్ని తేడాగా నమోదు చేయమంటారా?"

మందిరంలో పెద్దల గొంతులన్నీ ఆగిపోయాయి. పిల్లల గొంతులే మిగిలాయి. చలమయ్య గారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. వెనక నుంచి ఎవరో "చేసుకోండి, ఏం పోయింది," అన్నారు. ఆ మాట ఎవరిదో తెలియలేదు గానీ, కొన్ని తలలు ఊగడం నేను చూశాను.

అప్పుడు ఎస్తేరు లేచింది.

"రాసుకోండమ్మా," అంది యంత్రంతో. "అలాగే ఇంకోటి కూడా రాసుకోండి. మేమూ గోడ కిందకి మెల్లిగానే దిగుతాం. నా చెయ్యి అతికాక నేను దిగుతాను. ఈళ్ళు ఆళ్ళ పిల్లలు పెద్దయ్యాక దిగుతారు."

మిగతా ముగ్గురూ లేచి ఆమె పక్కన నిలబడ్డారు. ఒకామె చంకల్లో రెండు వైపులా కవలలు.

"ఎల్లుండి పోటు పెట్టుకుని బెదిరిస్తున్నావా?" అన్నారు చలమయ్య గారు.

"బెదిరింపు కాదండి బాబూ. పిల్లల్ని ఎక్కడ పెట్టాలో అడుగుతున్నాం. తమరింటికాడ పెట్టమంటే పెడతాం. అందర్నీ. వర్షాలు పోయేదాకా."

చలమయ్య గారు పిల్లల వైపు చూశారు. సరిగ్గా అప్పుడే ఒకడు ఆయన కుర్చీ ఎక్కి, దాన్ని తడిపేశాడు.

నోరు మూసుకోమన్నారు గానీ నేనూ లేచాను. పాత లాకుల దగ్గర పలకలు ఎన్ని వదులుగా ఉన్నాయో, వాటిని బిగించకపోతే నీరు మొదట ఏ వీధిలోకి వస్తుందో చెప్పాను. అది చలమయ్య గారి వీధి. ఇందులో నేను ఏమీ కల్పించలేదు.

ధర్మకాటా రెండోసారి ఆగింది. "కొత్త సమాచారం అందింది. చావిడి లేనిదే గోడ నిలవదు. రెండు పద్దులనూ పునరుద్ధరిస్తున్నాను."

అక్కడితో అయిపోవలసింది. కానీ చలమయ్య గారు పరువు మనిషి. చావిడి తిరిగి తెరిచారంటే తను ఓడినట్టు అవుతుందట. పెద్దలు గుసగుసలాడుకుని ఒక సవరణ తెచ్చారు. చావిడికి వేరే పద్దు ఉండదు. దాన్ని గోడ పద్దులో కలుపుతారు. అయితే గోడ పద్దులో పిల్లలకు చోటు లేదు, సామగ్రికి ఉంది. కాబట్టి సిమెంటుకూ మోకులకూ మధ్య 'పిల్లలు' అని చేర్చారు.

"సామగ్రంటే?" అని నూకరత్నం నా చెవిలో అడిగింది.

"మోకులు, బిగింపులు, అలాంటివండి."

"వాటికి అన్నం పెడతారా?"

"నిర్వహణ ఖర్చు కింద పెట్టొచ్చు."

"ఏటా తగ్గిత్తారా?"

"గోడ పద్దు జోలికి ఇక ఎవరూ వెళ్ళరండి. మొన్నటి భయం వాళ్ళకి చాలా కాలం ఉంటుంది."

"అయితే అలాగే రాసుకోమనండి. ఈళ్ళకింకా చదవడం రాదు, బాధపడరు."


పున్నమి. పోటు చాలా ఎక్కువ.

నిన్న ఉదయం చావిడి తెరిచారు. నిన్నా ఇవాళా ముగ్గురు దిగారు. సైగ తాడు ఎస్తేరు తన మంచి చేత్తో పట్టుకుంది. నన్ను పట్టుకోనివ్వలేదు. పోటు వచ్చే ముందే పలకలన్నీ బిగిశాయి. గోడ నిలిచింది. ఊళ్ళోకి నీరు రాలేదు గనుక ఎవరూ ఏమీ గమనించలేదు.

సాయంత్రం ఊరేగింపు. 'గోడ రక్షకుడు' చలమయ్య గారికి దండలు. టీ కొట్టాయన నాకు టీ పోశాడు, కానీ చక్కెర వెయ్యలేదు.


బహుళ పంచమి. సామగ్రి తనిఖీ.

గోడ సామగ్రిని వారానికోసారి ఇంజినీరు స్వయంగా పరీక్షించాలి. ఈ ఉదయం చావిడికి వెళ్ళి, కొత్తగా చేర్చిన సామగ్రిని నియమం ప్రకారం ఒక్కొక్కటిగా చూశాను.

తుప్పు లేదు. తడి ఇద్దరికి ఉంది, నూకరత్నం గారు లాగులు మార్చారు. శబ్దం అనుమతించిన దానికంటే ఎక్కువ. ఒక సామగ్రి నా కళ్ళజోడు లాక్కుని, ఇంకా ఇవ్వలేదు. రూతు మోకాలి మీద చిన్న పగులు, పసుపు రాశారు. మధ్యాహ్నం నిర్వహణ జరిగింది. నాకూ ఒక పళ్ళెం నిర్వహణ పెట్టారు.

చివరి గడి మన్నిక. ఎంతకాలం ఉంటుందో రాయాలి. సిమెంటుకూ మోకులకూ ఏళ్ళ లెక్కలున్నాయి, కళ్ళు మూసుకుని రాస్తాను. ఇక్కడ ఏం రాయాలో తోచక రూతునే అడిగాను.

"నువ్వు ఎంతకాలం ఉంటావే?"

ఆ పిల్ల ముద్ద మింగి, నేనింత తెలివితక్కువవాడినని అనుకోలేదన్నట్టు చూసింది.

"మా అమ్మొచ్చేదాకా," అంది.

అదే రాశాను.